కుడిచేతి ఇరవై తొమ్మిది

పోతురాజు గారు మొదటిసారి మా క్లినిక్కుకి వచ్చినప్పుడు, నేనిచ్చిన ప్లాస్టిక్ బోర్డును తిప్పి నా బల్ల మీదికే తోసేశారు. ఎరుపు, పసుపు, నీలం పుల్లలు, వాటికి సరిపడా కన్నాలు ఉండే బోర్డు అది. ఒక్కో పుల్లా వేళ్లతో పట్టుకుని కన్నంలో గుచ్చాలి, మళ్లీ తియ్యాలి, మళ్లీ గుచ్చాలి. పక్షవాతం వచ్చిన చేతికి ఇంతకన్నా మంచి వ్యాయామం లేదని నేను చదువుకున్నాను, చాలామందికి చేయించి చూశాను. ఆయన దానికేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి, "ఇది ఎల్కేజీ సామానమ్మా. నాను బెల్లం వండినోణ్ణి," అన్నారు.

నాకు కోపం తొందరగా వస్తుంది. అనకాపల్లిలో ఫిజియోథెరపీ క్లినిక్కు పెట్టి ఆరేళ్లయింది. ఇందు డాక్టరమ్మ చెయ్యి మంచిదనీ, నోరే మంచిది కాదనీ ఊళ్లో అనుకుంటారని నాకు తెలుసు. ఆ రోజూ ఊరుకోలేదు. బెల్లం వండినా బూరెలు వండినా చెయ్యి చెయ్యేననీ, పుల్లలు గుచ్చకపోతే ఆ చెయ్యి అలాగే వేలాడుతుందనీ మొహం మీదే అనేశాను. వెనకాల నిలబడ్డ ఆయన భార్య దేముడమ్మ గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆయన నవ్వకపోవడానికి కారణం తర్వాత తెలిసింది. వాళ్లది కె. కోటపాడు దగ్గర పల్లె. ఆ ఊళ్లో త్రినాధరావు గారని చెరకు రైతు, సొంత గానుగ ఉన్నాయన. ఆ గానుగలో ముప్ఫై రెండేళ్లుగా పాకం చూసే మనిషి పోతురాజు గారే. చెరకు రసం పెద్ద పెనంలో పొంగి, మడ్డి తీసేశాక చిక్కబడుతుంది. అది ఎప్పుడు దించాలో చెప్పేది ఒక్కరే. ఆయన వేళ్లు చన్నీళ్లలో ముంచి, గరిటె మీద నుంచి చిటికెడు పాకం లాగి, మళ్లీ నీళ్లలో పెట్టి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతారు. ఆ ఉండ వేళ్ల మధ్య ఎలా కదిలిందన్నదాన్ని బట్టి దించమంటారు, లేదా ఆగమంటారు. అర నిమిషం ముందు దించితే దిమ్మ నిలవదు, అర నిమిషం ఆలస్యమైతే మాడుతుంది. ధర్మామీటరు పెట్టి చూడొచ్చు కదా అని నేనోసారి అడిగితే, త్రినాధరావు గారు రెండు కొన్నారనీ, రెండూ అటక మీద ఉన్నాయనీ పోతురాజు గారు చెప్పారు.

నిరుడు జనవరిలో ఆయన పెనం పక్కనే కూలిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట ముద్దగా అయింది. ఆస్పత్రిలో తొందరగానే చూశారు కనక ప్రాణానికి భయం లేకపోయింది. కాలు తిరిగొచ్చింది, మాటా చాలావరకు వచ్చింది. మార్చిలో, చెయ్యి ఇంకా సగం స్వాధీనంలోకి రాకుండానే, ఎవరికీ చెప్పకుండా నడుచుకుంటూ గానుగకి వెళ్లారు. పాకం నేను చూస్తానన్నారు. ముప్ఫై రెండేళ్లు పాకం చూసిన మనిషిని ఎవరూ కాదనలేదు.

వేళ్లు ముంచారు, పాకం లాగారు, నలిపారు. ఇంకా ఆగమన్నారు. మళ్లీ లాగి మళ్లీ ఆగమన్నారు. మాడు వాసన వచ్చాక గాని ఎవరూ పెనం ముట్టుకోలేదు. ఆ పెనంలో బెల్లం నల్లగా అయిపోయింది. ఇంటికొచ్చాక కంచం ముందు కూర్చున్నప్పుడు దేముడమ్మ గారు చూశారు: బొటనవేలి మీదా చూపుడువేలి మీదా పెద్దపెద్ద బొబ్బలు. కాలినట్టు ఆయనకు తెలియనే లేదు.

ఆ బొబ్బలు మానకముందే నా దగ్గరకు వచ్చారు. కళ్లు మూయించి కుడిచేతిలో తాళంచెవి పెట్టాను, ఏమీ లేదన్నారు. నాణెం పెట్టాను, దూది పెట్టాను, అదే జవాబు. పట్టు వస్తుందని నాకు నమ్మకం ఉంది. స్పర్శ సంగతి వేరు. అది కొందరికి వస్తుంది, కొందరికి రాదు, మేం చెయ్యగలిగింది కొంతే. ఆయన ఫైల్లో స్పర్శ ఎదురుగా "ఆశ తక్కువ" అని రాశాను. కార్తీకం వెళ్లేలోగా పాకం చూడగలనని మాట చెబితే డిసెంబరులో గానుగ మళ్లీ మొదలయ్యాక పెనం ఆయనదేననీ, లేకపోతే ఇంకో మనిషిని పెట్టుకోక తప్పదనీ త్రినాధరావు గారు అన్నారని దేముడమ్మ గారు అప్పుడే చెప్పారు. ఎనిమిది నెలలు గడువు. ఆయన నన్ను చెయ్యి వస్తుందా అని అడగలేదు. వేళ్లకి తెలుస్తాదా అని అడిగారు. చూద్దామన్నాను.

రోజూ ఊరి నుంచి రావడం కష్టమని అనకాపల్లిలోనే, గవరపాలెంలో ఉన్న దేముడమ్మ గారి తమ్ముడి ఇంట్లో దిగారు. ఆ తమ్ముడి పేరు నానాజీ. ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో ఇంజను రూములో పనిచేసి ఇంటికొచ్చేసిన మనిషి. వారానికి మూడు రోజులు నేనే స్కూటీ మీద వెళ్లేదాన్ని. నేను అక్కడ ఇచ్చి వచ్చిన ప్లాస్టిక్ బోర్డు మొదటి పదిహేను రోజులూ అటక మీదే ఉంది. ఎన్నిసార్లు గుచ్చారని అడిగితే వంద అనేవారు. బోర్డు మీద దుమ్ము నాకు కనిపిస్తూనే ఉండేది.

పదహారో రోజు సాయంత్రం వెళ్లేసరికి బావా బావమరుదులు వరండాలో చాప వేసుకుని పేకాట ఆడుతున్నారు. నాకు ఒళ్లు మండింది. చెప్పుల్లోనే నిలబడి నాలుగు మాటలు అన్నాను. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఉన్న చెక్క చూశాను. మూరెడు పొడుగు టేకు చెక్క, దాని మీద వరసలుగా సన్నటి కన్నాలు, కన్నాల్లో అగ్గిపుల్లంత ఇత్తడి పుల్లలు. పోతురాజు గారు కుడిచేత్తో ఒక పుల్లను పట్టుకోవాలని చూస్తున్నారు. జారిపోతోంది. మళ్లీ పట్టుకుంటున్నారు. నుదుటి మీద చెమట. నేను తిట్టింది ఆయన విననే లేదు.

ఆ ఆట పేరు క్రిబ్బేజీ అట. నానాజీ గారి ఓడలో కెనడా నుంచి వచ్చిన ముసలి చీఫ్ ఇంజినీరు నేర్పాడట. చెక్క కూడా ఓడలోనే చేసుకున్నారు, పుల్లలు వెల్డింగు కడ్డీ ముక్కలు. ఇంట్లో అందరూ దాన్ని పుల్లలాట అంటారు. ఆట మొత్తం చెప్పను, చెబితే మీరు ఇక్కడే లేచిపోతారు. కావలసినంత చెబుతాను. ఇద్దరి చేతిలోనూ నాలుగేసి ముక్కలుంటాయి, ఒకరి తర్వాత ఒకరు కింద వేస్తారు. నేను మూడంకె ముక్క వేశాక మీరూ మూడే వేస్తే మీకు రెండు పాయింట్లు. దాని మీద నేను ఇంకో మూడు వేస్తే నాకు ఆరు. నాలుగో మూడు కూడా మీ దగ్గరే ఉంటే మీకు పన్నెండు. చివరి ముక్క వేసినవాళ్లకి ఒకటి. వరసలనీ పదిహేనులనీ ఇంకా ఉన్నాయి గాని మనకు వాటితో పని లేదు.

ఆ పాయింట్లు కాగితం మీద రాయరు. ఒక్కొక్కరికీ రెండేసి పుల్లలుంటాయి. వెనక ఉన్న పుల్ల తీసి, ముందున్న పుల్ల దగ్గర నుంచి కన్నాలు లెక్కపెట్టుకుని, వచ్చినన్ని పాయింట్ల అవతల గుచ్చాలి. దీనికి నానాజీ గారు సొంతంగా ఒక రూలు కలిపారు. బావ కుడిచేత్తోనే గుచ్చాలి, పుల్ల కింద పడిందంటే ఆ పాయింట్లు పోయినట్టే. ఓడల్లో ఇలాంటి రూలు లేదు కదా అని పోతురాజు గారు పోట్లాడితే, ఓడల్లో ఇంత మొండోళ్లూ లేరని జవాబు చెప్పారు.

దేముడమ్మ గారికి పేకముక్కలంటే పడదు. ఇంట్లో ముక్క కనబడితే పొయ్యిలో పెట్టే మనిషి. తమ్ముడు బతిమాలితే రెండు షరతుల మీద ఒప్పుకున్నారు. పైసా మాట వినబడకూడదు. తలుపులేసుకుని లోపల కాదు, వీధిలోకి కనబడేలా వరండాలో ఆడాలి, తప్పు పని కాదని నలుగురికీ తెలియాలి. నలుగురికీ బాగానే తెలిసింది. నెల తిరక్కుండానే, ఫిజియో డాక్టరమ్మ పక్షవాతం వాళ్లకి పేకాట నేర్పిస్తోందని గవరపాలెం అంతా చెప్పుకున్నారు. ఇద్దరు కొత్త పేషెంట్లు వచ్చి, వ్యాయామం కాదు, ఆ రెండోదే కావాలన్నారు.

నేను ఒప్పుకున్నానా అంటే, ఒప్పుకోక ఏం చేస్తాను? ఆ సాయంత్రం లెక్కపెట్టాను. గంటన్నరలో ఆయన నూట ఎనభై సార్లు పుల్ల పట్టుకున్నారు. నేను పదిహేను రోజులు నెత్తీ నోరూ కొట్టుకున్నా ఇరవై సార్లు చెయ్యని పని అది. నా ప్లాస్టిక్ బోర్డు సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయాను. సిగ్గుగానే అనిపించింది.

ఏప్రిల్, మే నెలల్లో ఆయనకి వచ్చిన పాయింట్లలో సగం నేలపాలయ్యాయి. మంచి ముక్కలు పడేవి, పుల్ల జారి మంచం కిందికి దొర్లిపోయేది, దేముడమ్మ గారు చీపురు పుల్లతో వెతికి తీసేవారు. నానాజీ గారు ఒక్క పాయింటు కూడా వదిలేవారు కాదు. పాపం అనుకుని ఒకసారి ఊరుకోవచ్చు కదా అని నేనన్నాను. ఊరుకుంటే బావ రేపటి నుంచి ఆడడన్నారు. ఆ ముక్క నిజమేనని నాకు తర్వాత తెలిసింది. జూలై నాటికి పుల్లలు పడడం తగ్గింది. ఆగస్టులో మొదటిసారి పోతురాజు గారు ఆట నెగ్గారు. ఆ రోజు దేముడమ్మ గారు బూరెలు వండి, మొదటి బూరె నాకిచ్చి, బూరెలు వండిన చెయ్యీ చెయ్యేనా అని అడిగారు. నా మాట నాకే అప్పజెప్పారని అర్థమై తలొంచుకుని తిన్నాను.

పట్టు వచ్చింది. చొక్కా గుండీలు పెట్టుకునేవారు, అన్నం కలుపుకునేవారు. అయితే అన్నీ చూసి చేసేవారు. కళ్లు ఎక్కడుంటే చెయ్యి అక్కడ పనిచేసేది. సెప్టెంబరులో కళ్లు మూయించి మళ్లీ పరీక్ష చేశాను. ఏదో ఉన్నట్టుందన్నారు గాని అది తాళంచెవో నాణెమో చెప్పలేకపోయారు. పాకం కళ్లతో చూసేది కాదు. అది నాకన్నా ఆయనకి బాగా తెలుసు. ఆ రోజు ఆట ఆడలేదు.

ఇరవై తొమ్మిది సంగతి నానాజీ గారు వానాకాలంలో ఒకరోజు చెప్పారు. ముక్కలు వేస్తూ వేస్తూ ఒక్క పంపకంలో గుచ్చగలిగిన పాయింట్లు ఇరవై తొమ్మిదికి మించవని ఆ ముసలి చీఫ్ అనేవాడట. అందుకు ఇద్దరి చేతిలోనూ ఒకే రకం ముక్కలు పడాలి, రెండేసి జతలు. అవి పడితే చాలదు. ఎదుటివాడు ఆరు పాయింట్లకి కక్కుర్తిపడి మూడో ముక్క వెయ్యాలి. వేస్తే పన్నెండు ఇచ్చుకోవలసి వస్తుందేమోనని తెలివైనవాడెవడూ వెయ్యడు. అందుకే నలభై ఏళ్ల సముద్రంలో తనకి ఒక్కసారీ పడలేదని ఆ ముసలాయన బాధపడేవాడట. బావ ఒక్కడూ ఎంత బాగా ఆడినా ఇరవై తొమ్మిది రాదు, నేను కూడా ఒప్పుకోవాలి, నేనెందుకు ఒప్పుకుంటానని నానాజీ గారు నవ్వారు.

కార్తీక మాసం ఆఖరి ఆదివారం వచ్చింది. మర్నాడు త్రినాధరావు గారు మాట కోసం వస్తారు. నేను సాయంత్రం నాలుగింటికి స్కూటీ మీద వెళుతూ చెప్పవలసిన మాటలు పేర్చుకున్నాను. పెనం దగ్గరకు వెళ్లొద్దు. చెరకు తూకం చూసుకోవచ్చు, కూలీలని చూసుకోవచ్చు, ముప్ఫై రెండేళ్ల అనుభవం ఎక్కడికీ పోదు. మళ్లీ బొబ్బలెక్కితే ఈసారి వేళ్లే పోవచ్చు. ఈ మాటలు మెత్తగా చెప్పడం నాకు చేతకాదని భయంగా ఉంది. వెళ్లేసరికి ఆట మధ్యలో ఉంది. ఇది అయ్యాక మాట్లాడదామని పక్కన పీట మీద కూర్చున్నాను. ఆయన మొహం చూడలేక చేతులకేసి చూస్తూ కూర్చున్నాను.

ముక్కలు కలిపింది దేముడమ్మ గారు. ఎనిమిది నెలల్లో ఆవిడ అంతవరకు వచ్చారు. పంచింది పోతురాజు గారు, కనక మొదటి ముక్క నానాజీ గారిది. ఆయన ఇస్పేటు మూడు వేశారు. పోతురాజు గారు కళావరు మూడు వేసి రెండు గుచ్చుకున్నారు. నానాజీ గారు ఆగారు. బావ మొహంలోకి కాసేపు చూశారు. చూసి, ఆటీను మూడు నింపాదిగా దించి ఆరు గుచ్చుకున్నారు. పోతురాజు గారు కింద పెదవి బిగబట్టి, నాలుగో మూడు దాని మీద పెట్టారు.

పన్నెండు.

దేముడమ్మ గారు అమ్మో అన్నారు. నానాజీ గారికి కోపం రావలసింది పోయి, ఉన్నట్టుండి ఏవో ఓడ కబుర్లు మొదలుపెట్టారు. ఒకసారి ఆఫ్రికా రేవులో బావ లాంటివాడే ఒకడు ఇలాగే నెగ్గి, ఆ సంబరంలో నీళ్లలో పడ్డాడని చెబుతున్నారు. పోతురాజు గారు ఆయన కళ్లలోకి చూస్తూ, పడ్డోడు నువ్వే అయ్యుంటావని వాదిస్తున్నారు. ఆ వాదన నడుస్తుండగా ఆయన కుడిచెయ్యి వెనక పుల్ల తీసింది. చూపుడువేలు ముందు పుల్లని తాకింది, అక్కడి నుంచి కన్నం మీద కన్నంగా పాకింది. పన్నెండో కన్నం దగ్గర ఆగింది. పుల్ల దిగింది.

నేను ఎదురుగా కూర్చుని లెక్కపెట్టాను. సరిగ్గా పన్నెండు. ఆయన ఒక్కసారి కూడా చెక్కకేసి చూడలేదు.

నేను నోరెత్తలేదు. నోరెత్తితే ఆయన చూస్తారు, చూస్తే ఆ చెయ్యి మళ్లీ కళ్ల మీద ఆధారపడుతుంది. నానాజీ గారు కబుర్లు ఆపకుండానే నాలుగంకె ముక్క వేశారు. పోతురాజు గారు నాలుగు మీద నాలుగు వేసి రెండు గుచ్చుకున్నారు, చూడకుండానే. నానాజీ గారి చేతిలో మిగిలింది ఒకే ముక్క. అదీ నాలుగే. అది వేసి ఆరు గుచ్చుకున్నారు. పోతురాజు గారు తన ఆఖరి ముక్క పైకెత్తి దేముడమ్మ గారికి చూపించి, తర్వాత కింద పెట్టారు. డైమను నాలుగు. మళ్లీ పన్నెండు, చివరి ముక్కకి ఇంకొకటి. ఆయన నవ్వుతూ బావమరిది మొహమే చూస్తున్నారు. వేలు ఒక్కో కన్నం తడుముకుంటూ పోయి పన్నెండు దాకా వెళ్లి పుల్ల దించింది. ఇంకో పుల్ల తీసి దాని పక్క కన్నంలో గుచ్చింది.

రెండు, పన్నెండు, రెండు, పన్నెండు, ఒకటి. దేముడమ్మ గారు వేళ్ల మీద కూడి ఇరవై తొమ్మిది అన్నారు. నానాజీ గారు కబురు మధ్యలో ఆగిపోయారు. తన చెక్కకేసి చూసుకుని రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నారు.

నేను పోతురాజు గారి ఎదురుగా చాప మీద కూర్చుని కళ్లు మూసుకోమన్నాను. పరీక్ష సామాను సంచిలో ఉంది, లేచి తెచ్చుకునే ఓపిక లేదు. వంటింట్లోంచి ఏదైనా పట్రమ్మన్నాను. దేముడమ్మ గారు గుప్పెట్లో నాలుగు రకాలు పట్టుకొచ్చారు. మొదటిది ఆయన కుడిచేతి వేళ్ల మధ్య పెట్టాను. నలిపి, చింతపిక్క అన్నారు. రెండోది ఉప్పురాయి అన్నారు. మూడోది మిరపకాయ తొడిమ. అది దొరకలేదు, అగ్గిపుల్ల అన్నారు. నాలుగోది పెట్టాను. ఆయన దాన్ని చాలాసేపు నలిపారు. మూసిన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"బెల్లం," అన్నారు. "పాతది. సెమ్మపట్టింది. మన గానుగది మట్టుకు కాదు."

దేముడమ్మ గారు ఔనన్నారు. ఆ బెల్లం వీధి చివర కొట్లో కొన్నదట. నేను ఉంగరం వేలూ చిటికెన వేలూ కూడా చూశాను. వాటికి ఏమీ తెలియడం లేదు. అరచేతిలో సగానికి తెలుస్తోంది, సగానికి లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మాత్రం ప్రాణం వచ్చింది. ఎనిమిది నెలలుగా పుల్ల పట్టుకున్న వేళ్లు అవే. పాకం చూసే వేళ్లూ అవే.

నన్ను సాగనంపడానికి నానాజీ గారు స్కూటీ దాకా వచ్చారు. తలుపు దగ్గర నుంచి అక్కగారు వినడం లేదని చూసుకుని చెప్పారు.

"ఆ మూడో మూడు నాను కావాలనే ఏసేనమ్మా. బావ మొకం సూత్తేనే తెలిసిపోయింది, సేతిలో ఇంకోటున్నాదని. పది రోజుల బట్టి ఒకటీ రెండూ సూడకుండా గుచ్చుతున్నాడు. ఒకటీ రెండూ ఎవుడైనా గుచ్చేత్తాడు. పన్నెండు లెక్కెట్టగలడో నేదో సూద్దారని ఇచ్చేసేను. అందుకే ఆ ఓడ కబుర్లూను."

మరి ఆ నాలుగుల సంగతేమిటని అడిగాను. నానాజీ గారు ఆకాశం కేసి దణ్ణం పెట్టి, అవి తన చేతిలోవి కావనీ, నూకాలమ్మ తల్లే వేసిందనీ అన్నారు. ఆ ముసలి చీఫ్ బతికుంటే ఉత్తరం రాసేవాణ్ణని కూడా అన్నారు. ఎనిమిది నెలలు ఒక్క పాయింటు వదలని మనిషి పన్నెండు పాయింట్లు చేజేతులా ఇచ్చాడు. ఇంటికెళ్లి ఫైల్లో నేను రాసిన రెండు మాటలూ కొట్టేశాను.

మర్నాడు త్రినాధరావు గారు బయలుదేరకముందే, వేళ్లకి తెలుస్తోందని నేనే ఫోనులో చెప్పాను. మొదటి పెనం నా ఎదురుగానే వండాలి, కాలినట్టు ఏమాత్రం అనుమానం వచ్చినా ఆయన్ని అక్కడి నుంచి లాగేస్తానని గట్టిగానే అన్నాను. ఆయన్ని లాగడానికి నాకు తోడు ఇంకో ఇద్దరు కావాలేమోనని త్రినాధరావు గారు నెమ్మదిగా అన్నారు.

డిసెంబరు రెండో వారం, పొద్దున్న తొమ్మిదింటికి గానుగకి వెళ్లాను. పిప్పి మంట భగభగలాడుతోంది, పెనంలో రసం బంగారు రంగు దాటి ఎర్రబడుతోంది. దేముడమ్మ గారు, నానాజీ గారు ఒక పక్కన నిలబడ్డారు. నానాజీ గారి సంచిలోంచి టేకు చెక్క కొస కనబడుతోంది. ఆ ఇత్తడి పుల్లలు ఇరవై తొమ్మిది నాటి కన్నాల్లోనే ఉన్నాయి, ఆ తర్వాత ఆ చెక్క మీద ఎవరినీ ఆడనివ్వలేదట. నేను పెనానికి అరగజం దూరంలో, మందు ట్యూబు మూత తీసి పట్టుకుని నిలబడ్డాను.

పోతురాజు గారు కుడిచేతి వేళ్లు చన్నీళ్లలో ముంచారు. గరిటె మీద నుంచి చిటికెడు లాగి నీళ్లలో పెట్టి నలిపారు. ఆగమన్నారు. అందరి మొహాలూ చూశాను. మార్చి నెల నల్ల బెల్లం అందరికీ గుర్తుంది. మళ్లీ ముంచి, లాగి, నలిపి, ఆగమన్నారు. త్రినాధరావు గారు తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నారు. రంగు చూస్తే నాకే అయిపోయినట్టుంది. ఇంకెంత సేపని అడగబోయాను.

మూడోసారి ఆయన తొందరపడ్డారు. వేళ్లు నీళ్లలో సరిగ్గా ముంచకుండానే గరిటె మీద పెట్టి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నారు. విదిలించారు. వేళ్లు నోట్లో పెట్టుకున్నారు. దేముడమ్మ గారు పరిగెత్తుకొచ్చారు. నేను మందు ట్యూబుతో ముందుకి ఒక అడుగు వేసి అక్కడే ఆగిపోయాను.

ఆయన నాకేసి తిరిగారు. నేను ఆ మొహాన్ని ఎప్పటికీ మరిచిపోను.

"సురుక్కుమన్నాదమ్మా," అన్నారు.

ఆరేళ్లలో నా పేషెంటుకి నొప్పి పుట్టినందుకు నేను ఏడవడం అదే మొదటిసారి. ఆయన వేళ్లు చన్నీళ్లలో ముంచి, నిదానంగా ఇంకో చిటికెడు లాగి, కళ్లు మూసుకుని నలిపారు. కళ్లు తెరవకుండానే చెయ్యి పైకెత్తారు.

"ఒచ్చేసినాది. దించండి."

నలుగురు మనుషులు పెనం పట్టుకున్నారు.